జెండా తాళ్లు

ఆగస్టు మొదటి శుక్రవారం
ఆర్లిన్ హాల్వర్సన్ నిచ్చెన భుజానేసుకుని
స్టేడియం తూర్పు అంచుకి వెళ్లాడు.
పన్నెండు జెండా కర్రలు.
పది జెండాలు దించమని పొద్దున్నే ఫోను.
"మడతపెట్టాలా, పారెయ్యాలా?" అని అడిగాడట.
అవతలి అమ్మాయికి
ఆ సంగతి ఎవరూ చెప్పలేదట.

మాది విట్లో. పలూస్ గోధుమ కొండల మధ్య
ఒక కాలేజీ, ఒక సిగ్నల్ లైటు,
ఏడాదికి ఆరు శనివారాలు.
మిగతావి
ఆ ఆరింటి అప్పులు తీర్చుకునే రోజులు.

నూరేళ్లు కలిసి ఆడాం.
ఉమ్మడి కాపురంలో లాగే
తిట్టుకున్నాం, ఒకరి మేకపోతును ఒకరం దొంగిలించాం,
ఓడిన రాత్రి గోల్‌పోస్టు పీకి ఏట్లో పడేశాం.
మరుసటేడు మళ్లీ అదే వాకిట్లో
అదే మొహాలు, అదే కక్ష, అదే పలావు లేని పెళ్లి.

పంపకాలు ఎక్కడ జరిగాయో మాకు తెలీదు.
ఏదో నగరంలో, ఏదో హోటల్లో,
పదహారో అంతస్తులో
టీవీ వాళ్లు కాఫీ పోశారట.
ఒకరి వాటా డెబ్భై మిలియన్లు, ఒకరిది నలభై.
మా వంతు వచ్చేసరికి కాగితం తిరగేశారట,
వెనకవైపు ఏమీ రాసి లేదు.

"మీ ఊళ్లో చూసేవాళ్లు తక్కువ" అన్నారు.
నిజమే.
మేం చూసేవాళ్లం కాదు, వచ్చేవాళ్లం.

సముద్రపు ఒడ్డు కాలేజీ ముందుగా గోడ దూకింది.
ఏరు దాటి తెప్ప తగలేశారు.
తెప్పలో
ఇంకా మేం ఉన్నాం.

ఇప్పుడు వాళ్ల కూటమి పేరులో పది ఉంది,
లెక్కపెడితే పద్దెనిమిది.
ఇంకొకరు అట్లాంటిక్ పేరున్న దాంట్లో చేరి
పసిఫిక్‌లో కాళ్లు కడుక్కుంటున్నారు.
భూగోళం పంతులెవరైనా ఉంటే
బెత్తం పట్టుకుని రండి.

మైదానం అంచున ఎర్రటోపీ మనిషి ఒకడు ఉండేవాడు,
టీవీ వాళ్ల మనిషి.
వాడు చెయ్యి దించేదాకా బంతి కదలదు.
ట్రక్కుల ప్రకటన, బీరు ప్రకటన, మోకాళ్ల నొప్పికి మాత్ర.
నవంబరు మంచులో, రాత్రి పదింటికి,
ముప్పై వేలమందిమి ఒక టోపీ వంక చూస్తూ
నిజంగా మోకాళ్లు నొప్పెట్టేదాకా కూర్చున్నాం.
ఆట ఎవరిదో
ఆ రోజే తెలియాల్సింది.

ఎలివేటర్‌లో గోధుమ తూచే వెల్డన్ క్రౌస్ కూతురు టెస్సా
ఆ ఒడ్డు కాలేజీకే వాలీబాల్ ఆడుతోంది.
మంగళవారం న్యూజెర్సీలో మ్యాచ్,
గురువారం కెమిస్ట్రీ పరీక్ష,
నడుమ డెన్వర్ విమానాశ్రయం నేల మీద
పుస్తకం తలకింద పెట్టుకుని నిద్ర.
సంతకాలు ఫుట్‌బాల్‌వి,
రెక్కలు ఈ పిల్లకి మొలిచాయి.
వెల్డన్ ఆ కాలేజీని తిట్టబోయి, కూతురు గుర్తొచ్చి,
తూకం ముల్లు సరిచేస్తాడు.

ఇక మిగిలినవి రెండు జెండాలు.
ఒకటి మాది,
ఒకటి దక్షిణాన మాలాగే ఎవరూ పిలవని వాళ్లది.
ఇద్దరుంటే కూటమి అంటారా?
మా చర్చి పాస్టరుని అడిగితే
"పెళ్లంటారు" అని నవ్వేశాడు.
ఎవరం నవ్వలేదు, తరవాత ఇంటికెళ్లి నవ్వుకున్నాం.

ఆర్లిన్ ఆ పదింటినీ ఇంటికి తీసుకెళ్లాడు.
కోత దుమ్ము, పిచ్చుక రెట్టలు, నిరుటి వాన మరకలు.
బెర్నీస్ రంగులు విడదీసి
మూడు వాయిలుగా ఉతికింది.
సాయంత్రం ఆ దారిన వెళ్తూ చూశాను,
వాళ్ల పెరట్లో బట్టల తీగ మీద
పదీ పక్కపక్కన
ఒకే గాలికి ఒకే వైపు కొట్టుకుంటున్నాయి.

స్టేడియం వైపు నుంచి
ఖాళీ తాళ్లు ఇనుప కర్రలకు తగిలే చప్పుడు.

"ఒడ్డు వాళ్లది తలకిందులుగా వేశావు" అన్నాడు ఆర్లిన్.
నోట్లో క్లిప్పు తీయకుండానే
"ముందు ఆరనీ" అంది బెర్నీస్.